పతకం ఎప్పుడు వచ్చింది? ఒక సైనికాధికారి కుటుంబ చిత్రంతో యాభై రోజులు

1వ రోజు

పాత చిత్రాలు బాగుచేసే మా స్టూడియోకి ఈ నూనె రంగుల చిత్రం వచ్చింది. ఇద్దరం పట్టుకుంటే గానీ బల్ల ఎక్కలేదు. ఫ్రేమ్ విప్పి కొలిస్తే ఎత్తు 127 సెంటీమీటర్లు, వెడల్పు 102. అంగుళాల్లోకి మారిస్తే 50, 40. ఈ రెండు అంకెలతోనే ఇది ఎక్కడిదో సగం తెలిసినట్టే. 19వ శతాబ్దపు బ్రిటిష్ చిత్రకారులు బిగించి అమ్మే కాన్వాసులు కొనుక్కునేవాళ్ళు, వాటికి కట్టుబడి ఉన్న కొలతలు ఉండేవి. 30, 25 అంగుళాలదాన్ని త్రీ క్వార్టర్స్ అనేవాళ్ళు, 36, 28ది కిట్ క్యాట్, 50, 40ది హాఫ్ లెంగ్త్. మనది ఆ చివరిది.

బొమ్మలో నలుగురు. ఎడమవైపు ఎర్ర కోటు వేసుకుని నిలబడ్డ ఆఫీసరు, భుజాల మీద జరీ కుచ్చులు, నడుముకి ముదురు ఎరుపు నడికట్టు, ఒక చెయ్యి కత్తి పిడి మీద. పక్కన కుర్చీలో భార్య. కుర్చీ వెనక పదేళ్ళ అమ్మాయి. ఆవిడ మోకాలికి ఆనుకుని తెల్ల గౌనులో చిన్నపిల్ల. ఆఫీసరు ఛాతీ మీద ఎడమవైపు ఏదో పతకం. ఇదంతా తేనె పూసిన గాజులోంచి చూస్తున్నట్టు ఉంది. కింది మూల నల్లగా ముద్ద కట్టింది.

వెనక్కి తిప్పితే ఇంకో కాన్వాసు. అంటే ఎప్పుడో లైనింగ్ చేశారు, పాత బట్టకు దన్నుగా కొత్త బట్ట అతికించారు. వేలితో తడితే అట్టలా గట్టిగా శబ్దం వస్తోంది, మైనం వాసన కూడా. అసలు కాన్వాసు వెనక అమ్మినవాళ్ళ ముద్ర ఉండి ఉంటే అది దీని కింద పడిపోయింది. చెక్క చట్రం మూలల్లో బిగించే చీలలు ఎనిమిదికి ఆరే ఉన్నాయి.

యజమాని దీన్ని పాత సామాన్ల వేలంలో కొన్నారట. వాళ్ళ వంశానికి ఏ సంబంధమూ లేదు, బొమ్మలో ఎవరో తెలియదు. "మొహాలు కనబడేలా చేస్తే చాలండీ, ఆ చిన్నపాప ముద్దుగా ఉంది," అన్నారు.

2వ రోజు

ముందు ఫొటోలు. లైటు ఒక పక్క నుంచి, దాదాపు కాన్వాసుకు సమాంతరంగా వేస్తే ఎగుడుదిగుళ్ళు బయటపడతాయి. ఆకాశంలో నాలుగంగుళాల చిరుగు, దాన్ని పూడ్చిన మచ్చ. కింది అంచు వెంట రంగు పెచ్చులుగా లేచి ఉంది.

తర్వాత గది చీకటి చేసి అల్ట్రావయొలెట్ లైటు. చెట్ల బంక (రెజిన్)తో చేసిన పాత వార్నిష్ ఈ వెలుతురులో పాకుడు నీళ్ళలా ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ పాకుడులో నల్ల మరకల్లా కనిపించేవి తర్వాతి చేతులు దిద్దిన చోట్లు. ఆకాశంలో చిరుగు చుట్టూ అరచేతి వెడల్పున నల్లమచ్చ ఉంది. చిరుగు గీతంత, దిద్దుబాటు అరచెయ్యంత! పాత రిపేర్లలో ఇది మామూలే. రంగు సరిగ్గా కలవకపోతే చుట్టూ ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ పూసుకుంటూ పోతారు. పతకం దగ్గర మాత్రం ప్రత్యేకంగా ఏమీ కనిపించలేదు. పై వార్నిష్ అంత మందంగా ఉంది.

రాత్రి ఫొటోలు పెద్దవి చేసుకుని బట్టలు చూస్తూ కూర్చున్నాను. తేదీ పట్టుకోవడానికి మొహం కంటే బట్ట నమ్మకమైన సాక్షి. ఆఫీసరు కోటుకు రెండు వరసల గుండీలు, ఛాతీ మీద అడ్డంగా జరీ పట్టీలు లేవు. బ్రిటిష్ పదాతి దళంలో ఆ పట్టీలు 1829లో పోయాయి. కాలరు దగ్గర జరీ బంగారు రంగు. 1830 నుంచి రెగ్యులర్ సైన్యానికి బంగారు జరీ, మిలిషియాకు, అంటే స్థానిక దళాలకు, వెండి జరీ అని వేరు చేశారు. భుజం కుచ్చులను 1855లో తీసేశారు. అంటే 1830కి, 1855కి మధ్య. పాతికేళ్ళు మరీ ఎక్కువ.

దాన్ని కుదించింది భార్య గౌను చేతులు. మోచేతి దాకా బుడగలా ఉబ్బి, అక్కడి నుంచి మణికట్టు దాకా బిగుతుగా ఉన్న చేతులు. ఫ్రెంచివాళ్ళు దీన్ని మటన్ కాలు ఆకారమని వెక్కిరించి అదే పేరు పెట్టారు. ఈ ఫ్యాషన్ 1830ల మొదట్లో విరగబడి, 1836 ప్రాంతంలో చప్పున చల్లారింది. కాబట్టి చిత్రం 1830కి, 1836కి మధ్యది అనుకుంటున్నాను.

పతకం వేళ్ళాడే రిబ్బన్ ముదురు ఎరుపు, అంచులు నీలం. వాటర్లూ పతకం రిబ్బన్ అలాగే ఉంటుంది. నెపోలియన్ ఓడిన ఆ 1815 యుద్ధం తర్వాత సిపాయి నుంచి సేనాపతి దాకా అందరికీ ఒకే పతకం ఇవ్వడం బ్రిటన్‌లో అదే మొదలు. నోట్‌బుక్కులో "వాటర్లూ పతకం" అని రాసి కింద గీత కూడా గీశాను. ఆ గీతని తర్వాత కొట్టెయ్యాల్సి వచ్చింది.

4వ రోజు

శుభ్రం చెయ్యడానికి ముందు లేచిన పెచ్చుల్ని పడుకోబెట్టాలి. లేకపోతే దూదితో పాటు అవీ వచ్చేస్తాయి. అలవాటు ప్రకారం చేప జిగురు పల్చగా కలిపి సన్నటి బ్రష్‌తో పెచ్చుల కిందికి వదిలాను. వెళ్ళలేదు. తామరాకు మీద నీటిబొట్టులా పైనే నిలబడింది. అప్పుడు వెలిగింది. వెనక నుంచి మైనం బట్టంతా పీల్చుకుని ఉంది, నీళ్ళ జిగురుని మైనం ఎలా రానిస్తుంది?

మైనం, రెజిన్ కలిపి కరిగించి లైనింగ్ చేసే పద్ధతి 19వ శతాబ్దంలో నెదర్లాండ్స్‌లో స్థిరపడింది. రెంబ్రాంట్ గీసిన నైట్ వాచ్‌కి కూడా 1851లో ఇలాగే చేశారు. దానివల్ల రంగులు కాస్త ముదురుతాయి, ఒకసారి ఎక్కిన మైనాన్ని పూర్తిగా దింపడం కుదరదు. అందుకే ఈ రోజుల్లో దాదాపు ఎవరూ చెయ్యరు. కానీ చేసేసి ఉన్నప్పుడు దాన్నే వాడుకోవచ్చు. పెచ్చుల మీద సిలికాన్ పూత ఉన్న పల్చటి ఫిల్మ్ వేసి, వేడి తగ్గించి పెట్టిన చిన్న ఇస్త్రీ స్పాచులాతో ఒత్తితే లోపలి మైనమే మెత్తబడి అతుక్కుంది. ఒక్కో పెచ్చుకు నిమిషం. మొత్తం రెండు రోజుల పని, మెడ పట్టేసింది.

7వ రోజు

పై దుమ్ము, పొగ, నూనె జిడ్డు. ఇది వార్నిష్ మీద ఉండే మురికి, దీనికి సాల్వెంట్, అంటే వార్నిష్‌ను కరిగించే ద్రవం, అక్కర్లేదు. మొదటి పరీక్ష ఉమ్మితో. అవును, ఉమ్మే. వెదురు పుల్లకు దూది చుట్టి, నాలుక మీద తడి చేసి, చిత్రం మీద దొర్లించడం. ఎంగిలి చేస్తారా అని చూడ్డానికి వచ్చినవాళ్ళు మొహం చిట్లిస్తారు గానీ, ఒంటి వేడితో ఉండి, ఎమైలేజ్ అనే ఎంజైమ్ ఉన్న ఈ ద్రవం జిడ్డు మురికికి బాగా పని చేస్తుంది. దీన్ని కొలిచి నిరూపించిన పోర్చుగల్ పరిశోధకులకు 2018లో ఇగ్ నోబెల్ కూడా ఇచ్చారు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే బహుమతి అది.

అయితే నలుగురి కుటుంబాన్ని ఉమ్మితో కడగాలంటే నా నోరు ఎండిపోతుంది. తక్కిన భాగానికి డిస్టిల్డ్ వాటర్‌లో రెండు శాతం ట్రై అమోనియం సిట్రేట్ కలిపి వాడాను, వెంటనే ఉత్త నీళ్ళ దూదితో తుడిచాను. సాయంత్రానికి గిన్నె నిండా బొగ్గు రంగు దూది ఉండలు. చిత్రం చూస్తే పెద్ద తేడా లేదు. పసుపు అలాగే ఉంది, ఆ పసుపు మాత్రం ఇప్పుడు శుభ్రంగా ఉంది.

ఇంట్లో బంగాళాదుంప ముక్కతోనో బ్రెడ్డుతోనో రుద్దమని చెప్పేవాళ్ళుంటారు. వాటి పిండి పగుళ్ళలో మిగిలిపోయి తర్వాత బూజుకు విందు అవుతుంది. దయచేసి వద్దు.

10వ రోజు

వార్నిష్ పరీక్షలు. అంచు దగ్గర, ఫ్రేమ్ కింద దాక్కునే చోట, బఠాణీ గింజంత కిటికీలు తెరుస్తూ పోవడం. వైట్ స్పిరిట్ ఒక్కటే వాడితే ఏమీ కదల్లేదు. దానిలో ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్ కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్ళాను. నాలుగో మిశ్రమం దగ్గర దూది పసుపెక్కింది. టీ మరక లాంటి పసుపు. రంగు మాత్రం రాలేదు. అక్కడ ఆగాను. ఇంకా బలమైనది వేస్తే పని త్వరగా అవుతుంది, కానీ మనకు కావలసింది వార్నిష్‌ను కరిగించేంత బలం, దాని కింది నూనె రంగును కదిలించలేనంత బలహీనత. ఈ రెండింటి మధ్య సందు ఒక్కో చిత్రానికి ఒక్కోలా ఉంటుంది. ఒక్కో రంగుకు కూడా ఒక్కోలా ఉంటుందని నాలుగు రోజుల తర్వాత గట్టిగా తెలిసొచ్చింది.

భార్య చెంప మీద పెద్ద కిటికీ తెరిచాను. కామెర్లు వచ్చినట్టున్న ఆవిడ చెంప ఒక్కసారిగా పాలమీగడలో గులాబీ కలిపినట్టు అయింది. చుట్టూ పాత పసుపు, మధ్యలో బతికున్న చర్మం. ఎన్నిసార్లు చూసినా ఈ క్షణం పాతబడదు.

నైట్ వాచ్ గురించి మొన్న రాశాను కదా. 1642లో గీసిన ఆ చిత్రంలో ఉన్నది రాత్రి కానే కాదు. వార్నిష్ నల్లబడి పగలు రాత్రయింది, తర్వాతివాళ్ళు అదే పేరు పెట్టారు. 1946, 47లో శుభ్రం చేస్తే వెలుతురు బయటకొచ్చింది, పేరు మాత్రం ఉండిపోయింది.

14వ రోజు

ఈ రోజు తప్పు చేశాను. రాసి పెట్టుకోవడం మంచిది.

కోటు బాగా వచ్చింది. ఎర్ర కోటుకు కింద వర్మిలియన్ అనే ఎరుపు రంగు గట్టి పొర, అది దేన్నైనా తట్టుకుంటుంది. అదే ఊపులో నడికట్టు మీదికి వెళ్ళాను. మూడోసారి దొర్లించేసరికి దూది గులాబీ రంగులో వచ్చింది. గుండె జారింది. నడికట్టు నీడల్లో చిత్రకారుడు చివర పల్చగా పూసిన ఎర్ర లేక్ గ్లేజు అది. కొచినీల్ (ఒక పురుగు నుంచి తీసే ఎరుపు) లాంటి రంగు పదార్థంతో చేసి, రెజిన్ కలిపిన నూనెలో పల్చన చేసి పూసే ఈ పొరకు, దాని మీది వార్నిష్‌కు సాల్వెంట్ దృష్టిలో పెద్ద తేడా లేదు. కోటు మీద పరీక్ష చేసి నడికట్టు కూడా ఎరుపే కదా అనుకోవడం నా బుద్ధి తక్కువ. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయ్యేది.

మైక్రోస్కోప్ కింద చూస్తే పోయింది గోరంత చోటు, అదీ పైపైన. మేడమ్‌కు చూపించాను. ఆవిడ ఈ పనిలో నలభై ఏళ్ళుగా ఉన్నారు. కోప్పడతారనుకున్నాను.

"దూది రంగు మారగానే ఆపావా, ఇంకోసారి తిప్పావా?"

"ఆపేశాను మేడమ్."

"అయితే ఫొటో తీసి, తేదీ వేసి, రిపోర్టులో రాయి. ఇవాళ్టికి ఇంటికెళ్ళు. భయంతో ఉన్న చెయ్యి ఇంకో తప్పు చేస్తుంది."

నడికట్టు మీద వార్నిష్‌ను పూర్తిగా తియ్యకూడదని నిర్ణయం. పల్చబరిచి వదిలేస్తాం.

19వ రోజు

కింది నల్లటి మూల. ఇక్కడ చిత్రకారుడు తారు లాంటి బిట్యుమెన్ వాడాడు. తడిగా ఉన్నప్పుడు తేనెలా అందంగా ఉండే గోధుమరంగు, కానీ అది ఎప్పటికీ సరిగ్గా ఆరదు. పైపొర ముడుచుకుని మొసలి చర్మంలా వెడల్పు పగుళ్ళిస్తుంది. అదే జరిగింది. దాన్ని బాగుచెయ్యలేం, ఉన్నంతలో కడగగలం.

కడిగాక చిన్నపిల్ల చేతిలో సన్నటి కర్రలాంటిది తేలింది. బొమ్మ కొరడా, గుర్రం ఆటకు వాడేది. జుట్టు చూస్తే పాపిడి పక్కకు తీసి ఉంది. ఆ కాలపు చిత్రాల్లో ఆడపిల్లలకు నడి పాపిడి, మగపిల్లలకు పక్క పాపిడి వేసేవాళ్ళు, నాలుగైదేళ్ళు వచ్చేదాకా మగపిల్లలకూ గౌన్లే తొడిగేవాళ్ళు. కొరడా, పక్క పాపిడి రెండూ కలిస్తే సందేహం లేదు. యజమానికి ఫోన్ చేసి "సర్, మీ పాప బాబు," అన్నాను. అటు నుంచి కాసేపు మాట లేదు. తర్వాత ఒకటే నవ్వు.

23వ రోజు

ఛాతీ. చివర చేద్దామని వదిలేసింది ఇదే. పై వార్నిష్ పల్చబరుస్తుంటే పతకం వెండి తెలుపు బయటపడింది. దాని పైన, రిబ్బన్ మీద అడ్డంగా రెండు సన్నటి తెల్ల గీతలు. మొదట రిబ్బన్ మడత మీద వెలుతురు అనుకున్నాను. పది రెట్లు పెద్దది చేస్తే రెండూ నీట్‌గా దీర్ఘచతురస్రాలు, ఒకదాని కింద నీడ కూడా. క్లాస్పులు. యుద్ధాల పేర్లు చెక్కిన వెండి పట్టీలు.

వాటర్లూ పతకానికి క్లాస్పులు లేవు.

అదే ఎరుపు, నీలం రిబ్బన్‌తో వచ్చిన ఇంకో వెండి పతకం మిలిటరీ జనరల్ సర్వీస్ మెడల్. స్పెయిన్, పోర్చుగల్‌లలో నెపోలియన్ సేనలతో పోరాడినవాళ్ళకు, అంతకుముందు 1801 నాటి ఈజిప్టు దండయాత్ర నుంచి 1814 దాకా జరిగిన యుద్ధాలకు కలిపి ఇచ్చారు. మొత్తం 29 క్లాస్పులు. అదే రిబ్బన్ మీద బంగారు పతకం కూడా ఉండేది గానీ అది బెటాలియన్ నడిపించిన స్థాయి నుంచి పైవాళ్ళకే. మనది వెండి. ఇక్కడే తిరకాసు. ఈ పతకానికి అనుమతి వచ్చింది 1847లో, చేతికి అందింది 1848 నుంచి. యుద్ధం ముగిసిన ముప్పై నాలుగేళ్ళకు! అదీ బతికున్నవాళ్ళకు, అడిగి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు మాత్రమే. అయినా పాతికవేల మందికి పైగా అందుకున్నారు.

భార్య గౌను చేతులేమో 1836 దాటనివ్వవు. పతకమేమో 1848కి ముందు రానివ్వదు.

24వ రోజు

పొద్దున్నే మళ్ళీ అల్ట్రావయొలెట్ లైటు. పై వార్నిష్ పోయింది కాబట్టి ఇప్పుడు కథ మారింది. పతకం, రిబ్బన్ నల్లగా నిలబడ్డాయి. వాటి అంచుల నుంచి సన్నటి ఆకుపచ్చ గీత తొంగి చూస్తోంది. అంటే పతకం కింద ఇంకో పాత వార్నిష్ పొర ఉంది. మైక్రోస్కోప్‌లో ఇంకా స్పష్టం. కోటు రంగులో ఆరేటప్పుడు వచ్చిన పగుళ్ళున్నాయి, పతకం తెలుపు ఆ పగుళ్ళలోకి దిగింది. పగిలిన గోడకు సున్నం వేసినట్టు. గోడ ముందు, పగులు తర్వాత, సున్నం ఆఖర్న.

ఒక మిత్రుడు ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరం తెచ్చాడు. రంగుకి హాని చెయ్యకుండా అందులోని లోహాలు చెప్పే పరికరం. ఆకాశంలో చిరుగు దిద్దిన చోట టైటానియం దొరికింది. టైటానియం తెలుపు రంగుల దుకాణాల్లోకి వచ్చింది 1920 ప్రాంతంలో, కాబట్టి ఆ రిపేరు అంతకు ముందుది కాదు. పతకంలో సీసం, కాస్త జింక్. టైటానియం లేదు. ముఖాల్లో, గౌనులో సీసమే, జింక్ లేదు. జింక్ తెలుపు నూనె రంగుగా విరివిగా దొరికింది 19వ శతాబ్దం నడిమి నుంచి. ఇదొక్కటే అయితే సాక్ష్యం చాలదు గానీ, క్లాస్పులు, పగుళ్ళు, వార్నిష్, ఈ జింక్ అన్నీ ఒకే దిక్కు చూపిస్తున్నాయి.

చెయ్యి కూడా వేరే. అసలు చిత్రకారుడు జరీని మూడు విసుర్లలో మెరిపించగలడు. పతకం వేసినవాడు అంచులు స్కేలు పెట్టినట్టు గీశాడు, నీడ తప్పు దిక్కున వేశాడు.

25 నుంచి 29 దాకా

దూది పట్టుకోలేదు. వాదన మాత్రం జరిగింది, ఎక్కువగా నాతో నాకే.

ఆకాశంలోని ఆ అరచేతి మచ్చను తీసెయ్యాలన్న దానిలో ఎవరికీ సందేహం లేదు. అది తర్వాత వేసింది, అసలు రంగును కప్పేసింది, రంగు మారి వికారంగా ఉంది. అదే లెక్కన పతకమూ తర్వాత వేసిందే, అసలు కోటును కప్పేసిందే, నీడ కూడా తప్పే. పైగా తియ్యడం చాలా తేలిక. కింద వార్నిష్ కరిగితే అదే లేచొస్తుంది. కింద చెక్కుచెదరని ఎర్ర కోటు ఉంటుంది. చిత్రకారుడు సంతకం పెట్టి ఇచ్చిన రోజున ఉన్నట్టే ఉంటుంది. నా మొగ్గు మొదట అటే.

కానీ రాత్రి పడుకుంటే ఆ లెక్క తేలలేదు. ఈ మనిషి ఇరవైల్లో స్పెయిన్‌లోనో పోర్చుగల్‌లోనో రెండు యుద్ధాలు చేశాడనుకుందాం. నలభైల్లో భార్యాబిడ్డలతో బొమ్మ గీయించుకున్నాడు. ఛాతీ ఖాళీ. వాటర్లూలో ఒక్కరోజు పోరాడిన వాడికి పతకం ఉంది, అంతకుముందు ఏళ్ళ తరబడి పోరాడినవాళ్ళకు ఏమీ లేదు. సైన్యంలో ఇది పెద్ద గొడవే. అరవై వచ్చాక ఒక కవరులో పతకం వచ్చింది. గోడ మీది బొమ్మను దింపించి, ఎవరో రెండో రకం చిత్రకారుణ్ణి పిలిచి, వేయించుకున్నాడు. లేదా అతను పోయాక కొడుకు వేయించాడు, ఆ కొరడా పిల్లవాడు. ఇది నా ఊహే. కానీ 1848 తర్వాత ఎవరికో ఆ ఛాతీ మీద ఆ పతకం ఉండటం చాలా అవసరమైంది. అంతవరకూ ఊహ కాదు.

బొమ్మలో అతని వయసు నలభై దగ్గరే ఆగింది. పతకం మాత్రం ముసలితనం నుంచి వెనక్కి నడిచొచ్చి చేరింది.

మేడమ్‌ను అడిగాను. ఆవిడ సూటిగా చెప్పలేదు, చెప్పరు కూడా.

"ఆకాశం దిద్దినవాడు ఏం చేశాడు?"

"చిరుగు దాచాడు మేడమ్."

"పతకం వేసినవాడు?"

"దాచలేదు. కొత్త సంగతి చెప్పాడు."

"మరి రెండింటికీ ఒకే మందు ఎందుకు వేస్తానంటున్నావు?"

యజమానిని పిలిపించి అంతా చూపించాం, రెండు దారులూ చెప్పాం. పతకం తీస్తే తిరిగి పెట్టలేమని, ఉంచితే తర్వాత ఎవరైనా తియ్యవచ్చని కూడా. ఆయన మైక్రోస్కోప్‌లో చాలాసేపు చూశారు. "అంతకాలం ఆగి తెచ్చుకున్నాడు, మనం పీకెయ్యడం ఏం బావుంటుందండీ," అన్నారు. అలా తేలిపోయింది.

32వ రోజు

తేలింది గానీ చెయ్యడం కష్టం. పతకం నిలబడింది వార్నిష్ నేల మీద. చుట్టుపక్కల వార్నిష్‌ను సాల్వెంట్‌తో తీస్తే అది పక్క నుంచి కిందికి పాకి పతకాన్ని తేల్చేస్తుంది. దూది పుల్ల ఇక్కడ పనికిరాదు. సాల్వెంట్‌ను జెల్‌లో చిక్కగా కలిపి, పారకుండా, పతకం అంచుకు మిల్లీమీటరు దూరం దాకా చేశాను. మిగిలిన ఆ మిల్లీమీటరును మైక్రోస్కోప్ కింద స్కాల్పెల్‌తో పొడిగా గీకాను. పెళుసు వార్నిష్ పంచదార పొడిలా రాలింది. రోజుకు రెండు గంటలకు మించి చెయ్యలేదు, ఆ తర్వాత చెయ్యి వణుకుతుంది. అయిదు రోజులు పట్టింది. రెండు అరచేతులంత చోటు కూడా కాదు.

పతకం కింద వార్నిష్ అలాగే ఉంది. నాలుగు వైపులా కోటు ఎర్రగా, దాని అడుగున మాత్రం 1830ల నాటి పసుపు ఒక దీవిలా.

38వ రోజు

ఆకాశం మచ్చ తీశాను. కింద మూడొంతులు అసలు రంగు క్షేమంగా ఉంది, నీలం, లేత బూడిద మబ్బులు. చిరుగు వెంట మాత్రం సన్నటి ఖాళీ. దాన్ని సుద్ద, జెలటిన్ ముద్దతో పూడ్చి, తడి కార్కుతో చుట్టుపక్కల మట్టానికి నున్నగా చేశాను. తర్వాత పారలాయిడ్ బి 72 అనే సింథటిక్ రెజిన్ పల్చటి పూత. మేం దిద్దే రంగుకు, అసలు రంగుకు మధ్య అడ్డుగోడ.

దిద్దడం పూడ్చిన చోట మాత్రమే, ఒక వెంట్రుక కూడా బయటికి పోకూడదు. వాడే రంగులు నూనెవి కావు. నూనె రంగు కాలంతో ముదురుతుంది, తీయాలంటే అసలు రంగు కూడా కదులుతుంది. పల్చటి సాల్వెంట్‌తో ఎప్పుడైనా తుడిచెయ్యగల రెజిన్ రంగులు వాడాం. నడికట్టు మీద నేను పోగొట్టిన గోరంత చోటుకు రెండు పల్చటి పూతలు. దాని పక్కన రిపోర్టులో నా పేరు, 14వ రోజు అనీ ఉంది.

యజమాని మధ్యలో ఒకసారి వచ్చి కాలరు, చేతి అంచుల పసుపు ఇంకా డల్‌గా ఎందుకుందని అడిగారు. అది మురికి కాదు. ఆ పసుపులో క్రోమియం దొరికింది, క్రోమ్ ఎల్లో. 1797లో ఫ్రాన్స్‌లో వోక్లాన్ క్రోమియం కనుక్కున్నాక వచ్చిన రంగు, కొత్తలో కళ్ళు చెదిరేంత పసుపు, వెలుతురు తగిలే కొద్దీ గోధుమకు తిరుగుతుంది. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. ఆ పసుపు వల్ల ఒక సంగతి మాత్రం తెలిసింది. రాయల్ అని పేరున్న రెజిమెంట్లకు అంచులు నీలం ఉంటాయి, కాబట్టి ఇతను వాళ్ళలో వాడు కాదు. పసుపు అంచులున్న రెజిమెంట్లు చాలా ఉన్నాయి. గుండీల మీద రెజిమెంటు నంబరు ఉండాలి, చిత్రకారుడు ఒక్కో గుండీకి ఒక్క పసుపు చుక్కతో సరిపెట్టాడు. ఈయన ఎవరన్న ప్రశ్న అక్కడే ఆగింది.

47వ రోజు

చివరి వార్నిష్. పసుపెక్కని సింథటిక్ రెజిన్, స్ప్రేతో రెండు పల్చటి పూతలు. మరీ మెరిస్తే మొహాల కంటే దీపాలే ఎక్కువ కనిపిస్తాయి, అందుకని మెరుపు కాస్త తగ్గించాం.

50వ రోజు

చట్రానికి పోయిన రెండు చీలలు కొత్తగా చేయించి బిగించాం. వెనక దుమ్ము చేరకుండా బోర్డు. దాని మీద కవరులో రిపోర్టు నకలు, ఫొటోలు. పతకానికి వేరే పేజీ పెట్టాను: కొలతలు, లోహాల జాబితా, పగుళ్ళలోకి దిగిన తెలుపు ఫొటో, దాని కింద వార్నిష్ ఉందన్న హెచ్చరిక. ముందుముందు ఎవరి చేతికైనా ఇది వెళ్తే, ఛాతీ మీద దూది పెట్టేముందు ఆ పేజీ చదవాలి.

యజమాని మనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. ఎత్తబోతూ ఆగి, బాబు చేతిలో కొరడా ఎక్కడుందో ఆ మనిషికి వేలితో చూపించారు. వేలు తగలకుండా ఒక అంగుళం దూరం నుంచి.